దీపం కంటికి దూరంగా, నీటికి దగ్గరగా

మా ఇబ్రహీంపట్నం పిల్లలు ఇద్దరు ఈ మధ్య పడవ నడిపే పనిలో చేరారు. ఒకడు పర్యాటకుల బోటు మీద, ఇంకొకడు వరదలప్పుడు మనుషుల్ని ఒడ్డుకు చేర్చే దళంలో. ఎప్పుడు కనబడ్డా "పెద్దనాయినా, రాత్రిపూట ఏ లైటు మంచిది? ఎన్ని వాట్లది కొనాలె?" అని నా వెంట పడతారు. వాట్ల సంగతి దుకాణంవాడు చెప్తాడు, అది అతని పని. అతను చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

కృష్ణ మీద కట్టిన ఒక పెద్ద జలాశయంలో సర్కారు లాంచీకి నేను సరంగుగా పనిచేశాను. సరంగు అంటే లాంచీ నడిపేవాడు. నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఎవరు ఎక్కనివ్వలేదో రాస్తే మీకు ఆవలింతలు వస్తాయి, నాకు బీపీ వస్తుంది. కాబట్టి ఆ ఊసు వద్దు. నా ఉద్యోగమంతా నీళ్ళ వైపు చూడటమే. అందులోనూ ఎక్కువ భాగం చీకటి నీళ్ళ వైపు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందుగా నాకు కనబడేది ఇల్లు కాదు, ఆ నీళ్ళే. ఈ మాట మా ఇంట్లో అనకండి.

పగటి కళ్ళు

నాకు పని నేర్పినవాడు ఖాదర్ భాయ్. మహేశ్వరం వైపు మనిషి. నా కంటే చాలా ముందునుంచీ ఆ లాంచీకి సరంగు. మొదటిసారి పొద్దుగూకాక బయలుదేరాల్సి వచ్చినప్పుడు నేను తాడు విప్పి తయారుగా నిలబడ్డాను. ఆయన ఇంజను ముట్టుకోకుండా ఊరికే కూర్చున్నాడు.

"పోదామా భాయ్?" అన్నాను.

"జర సబర్ చెయ్. కండ్లు తెరుసుకోనియ్."

"తెరిచే ఉన్నయ్ కద!"

"గవి పగటి కండ్లు. గవి నీళ్ళ మీద పనికిరావ్."

అలా కూర్చున్నాం. నేను లోపల విసుక్కున్నాను. కాసేపటికి చుక్కలు ఎక్కువయ్యాయి. అవి ముందునుంచీ ఉన్నవే, నాకే కనబడలేదు. తర్వాత గుట్టల వీపులు కనబడ్డాయి. ఆ తర్వాత ఒడ్డు నలుపు వేరు, నీళ్ళ నలుపు వేరు అని తెలిసింది. నీళ్ళు కడిగిన పలకలా లేత రంగులో ఉన్నాయి. దాని మధ్యలో ఎక్కడైనా సన్నని ముడత పడితే దాని కింద ఏదో ఉందన్నమాట. నీళ్ళ నడుమ కొంగ నిలబడి ఉంటే దాని కాళ్ళ కింద మొద్దు ఉందన్నమాట. చీకటి నల్లగా ఉండదని ఆ వేళ తెలిసింది. ఆ సంగతి తెలిసినవాడికి ఈ ఉద్యోగం మీద మనసు విరగదు.

ఖాదర్ భాయ్‌కి బీడీ అంటే ప్రాణం. అయినా చీకటి నీళ్ళ మీద ఒక్కటీ వెలిగించేవాడు కాదు, ఎవరినీ వెలిగించనిచ్చేవాడు కాదు. అగ్గిపుల్ల గీస్తే చాలు, కష్టపడి తెచ్చుకున్న చూపంతా పోతుంది, మళ్ళీ మొదటికి వచ్చి కూర్చోవాలి. ఇంజను మీటర్ల దగ్గర ఉండే చిన్న బల్బుకు కూడా ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టి ఉండేది. ఎరుపు కంటిని అంతగా చెడగొట్టదు. ఇప్పుడు మీ చేతుల్లో ఉండే సెల్‌ఫోన్ అగ్గిపుల్ల కంటే దొంగది. వాట్సాప్ చూసి తలెత్తిన సరంగు గుడ్డివాడితో సమానం. ఇది కోప్పడి చెప్తున్నాననుకున్నా ఫరవాలేదు.

పెళ్ళి ఊరేగింపు దీపం

తర్వాత సుధాకర్ సార్ వచ్చారు, మా పై ఇంజనీరు. చీకట్లో ఈ తడుములాట ఏమిటని, మా నెత్తి మీద లాంచీ కప్పుకు ఒక పెద్ద ఫోకస్ లైటు బిగించారు. నాకూ ఖాదర్ భాయ్‌కీ సంబరమే. పెళ్ళి ఊరేగింపులా ఉందని నవ్వుకున్నాం. సార్ కూడా మాతో ఎక్కారు.

చలికాలం. నీళ్ళ మీద పల్చగా మంచు పట్టి ఉంది. లైటు వేయగానే మా ముందు తెల్ల దుప్పటి ఆరేసినట్టయింది. లాంచీ ముందుభాగానికి తెల్లరంగు వేసి ఉంది, అది మెరిసింది. ఇనుప కమ్మీ మెరిసింది. చుట్టి పెట్టిన తాడు మెరిసింది. మంచులో ఒక్కొక్క బొట్టూ మెరిసింది. మెరవాల్సిన మునిగిన చెట్టు మాత్రం మెరవలేదు. దాన్ని ఢీకొట్టాం. చెక్క పగిలింది, నీళ్ళు లోపలికి వచ్చాయి. ముగ్గురం బకెట్లతో తోడుకుంటూ, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒడ్డు చేరాం. అల్లాను ఖాదర్ భాయ్ పిలిచాడు, మిగతా దేవుళ్ళందర్నీ నేను పిలిచాను.

సార్ ఎవరినీ తిట్టలేదు. బాగుచేయించాక రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టారు. లైటును తాడుతో ఒకసారి కప్పుకు, ఒకసారి కమ్మీకి, ఒకసారి పక్కకు, ఒకసారి లాంచీ ముక్కు కింద నీళ్ళకు జానెడు ఎత్తులో కట్టించేవారు. తను చిన్న పడవలో దూరం పోయి, నీళ్ళలో ఒక కర్ర నిలబెట్టి "కనబడుతోందా?" అని అరిచేవారు. ఖాదర్ భాయ్ "కనబడతలే సార్" అంటే పాపం మళ్ళీ వెనక్కి వచ్చేవారు. నా సర్వీసులో పై అధికారులు చాలామంది వచ్చారు. పెద్దమనుషులు వస్తున్నారని లాంచీ నిండా సీరియల్ బల్బులు కట్టించి, సరంగును గుడ్డివాణ్ణి చేసినవారూ ఉన్నారు. వాళ్ళ పేర్లు మర్చిపోయాను, అది వాళ్ళ అదృష్టం. కర్ర పట్టుకుని చలినీళ్ళలో తడిసినవారు సుధాకర్ సార్ ఒక్కరే.

అలా తడిసి ఆయన కనిపెట్టిందే ఈ రాతకు పెట్టిన పేరు. దీపం కంటి పక్కనే ఉంటే మంచు బొట్లు ఆ వెలుగును తిరిగి కంట్లోకే కొడతాయి. దీపం ముందుకు, కిందికి పోతే వెలుగు ఒక దారిన పోతుంది, చూపు ఒక దారిన పోతుంది. పైగా నీళ్ళను రాసుకుంటూ పోయే వెలుగులో చిన్న కర్రకు కూడా పొడుగాటి నీడ పడుతుంది. కర్ర కనబడకపోయినా దాని నీడ కనబడుతుంది. పైనుంచి కొట్టిన వెలుగులో ఆ నీడ ఉండదు.

వెడల్పాటి వెలుగు ఒడ్డుకు ఆనుకుని పడవ కట్టేటప్పుడు మంచిదే. దూరం చూడటానికి మాత్రం సన్నగా, సూటిగా పోయే దీపం కావాలి. దీపానికి చుట్టూ నూనెడబ్బా రేకుతో గొడుగు చేయండి, పడవ మీద ఒక్క చుక్క వెలుగు పడకూడదు. పడవ ముక్కుకు మెరవని నల్లరంగు వేయండి. రంగు దొరకకపోతే తడి గోనెసంచి పరచండి, మేం చాలాకాలం అదే చేశాం. దీపం పట్టేవాడు ముందు కూర్చోవాలి, నడిపేవాడు దీపం జోలికి పోకూడదు. ఇక అన్నిటికంటే ముఖ్యం, దీపాన్ని ఆర్పి ఉంచండి. వేయండి, ఒకసారి అటూ ఇటూ తిప్పండి, ఆర్పండి. చూసింది మనసులో పెట్టుకుని ఆ చీకట్లో కొంతదూరం పోండి, మళ్ళీ వేయండి. ఎడమ పక్క ఎర్రది, కుడి పక్క ఆకుపచ్చది, వెనక తెల్లది అని బోటుకు పెట్టే దీపాలు మీరు చూడటానికి కాదు, మిమ్మల్ని ఎదుటివాడు చూడటానికి. చూసే దీపాన్నీ కనబడే దీపాలనూ కలిపి గందరగోళం చేసుకోవద్దు.

నీళ్ళ కింద పొలాలు

రిటైరై ఇబ్రహీంపట్నం వచ్చేశాను. ఇక నీళ్ళతో పని లేదనుకున్నాను. మా పెద్దచెరువు ఏళ్ళ తరబడి ఎండే ఉండింది. పిల్లలు అందులో క్రికెట్ ఆడారు, ట్రాక్టర్లు అడ్డంగా పోయాయి. కొందరు బోర్లు వేసి పంటలు పండించారు. అంచుల్లో ఇళ్ళ ప్లాట్ల హద్దురాళ్ళు కూడా లేచాయి. తుమ్మలైతే అడవిలా పెరిగాయి. తర్వాత వరసగా వానలు పడ్డ ఏళ్ళు వచ్చాయి, చెరువు నిండింది. ఊరంతా కట్ట మీదికి వచ్చి చూసింది. నేనూ చూశాను. నీళ్ళు చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మామూలు చెరువుకూ మా చెరువుకూ ఒక తేడా ఉంది. ఇక్కడ చేపలు పట్టేవాళ్ళు నీళ్ళను నీళ్ళుగా చూడరు. "నర్సిమ్మ బోరు మీద వల వేసిన", "జొన్న చేను కాడ జెల్లలు మస్తుగున్నయ్" అంటారు. కింద ఏముందో పగలు వాళ్ళకు అంగుళం అంగుళం తెలుసు. సాయంత్రం నాదర్‌గుల్ విమాన శిక్షణ మైదానం వైపు తిరిగిపోయే చిన్న విమానం చప్పుడు వింటూ కట్ట మీద కూర్చుంటే, ఆ మాటలు వినడం నాకు కలగన్నట్టే ఉండేది. నీళ్ళ పైన మనుషులు, కింద వాళ్ళ పొలాలు. అయితే చీకటి పడ్డాక జొన్న చేను ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? కరెంటు స్తంభాలు, బావి గోడలు, తుమ్మ మొద్దులు, ప్లాట్ల రాళ్ళు అన్నీ ఒక్కటే నలుపు.

అంజమ్మ

ఒక సాయంత్రం అప్పుడే చీకటి పడింది. అంజమ్మ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. చెరువులో చేపలు పట్టే బాలయ్య భార్య.

"అన్నా, మా సుజాత నాయిన ఇంక రాలే. పొద్దుమూకకముందే వస్తనన్నడు. గాలి లేసింది, జర రా అన్నా."

సుజాత వాళ్ళ బిడ్డ. మా దిక్కు కాస్త వయసున్న ఆడవాళ్ళు భర్త పేరు నోటితో అనరు. అంజమ్మ నోట బాలయ్య అన్న మాట ఎవరూ విని ఉండరు. బాలయ్య ఒక్కడే పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవ వేసుకుని మధ్యాహ్నం పోయాడు. ఈత వచ్చినవాడే. కానీ వలలూ తుమ్మముళ్ళూ ఉన్న నీళ్ళలో ఈత ఎందుకూ కొరగాదు.

నేను కట్ట మీదికి వెళ్ళేసరికి ఊరంతా అప్పటికే వచ్చి ఉంది. మావాళ్ళది మంచి మనసు. ఎవరైనా చెరువులో చిక్కారంటే ఇంట్లో ఉన్న వెలుగంతా తెచ్చి నీళ్ళ వైపు తిప్పుతారు. ట్రాక్టర్లు కట్ట పొడుగునా నిలబెట్టారు. కార్లు, మోటారు సైకిళ్ళు వచ్చాయి. టెంట్‌హౌస్ అతను ఫంక్షన్లకు పెట్టే ఫోకస్ లైటు తెచ్చాడు. చెరువు మీద పట్టపగలు అయింది. అంజమ్మ ఒక ట్రాక్టరు బానెట్ పట్టుకుని నిలబడి ఉంది.

బాలయ్య తమ్ముడు సాయిలుకు ఇంజను పడవ ఉంది. అతను నడిపాడు, నేను టార్చి పట్టుకుని ముందు కూర్చున్నాను. కొంతదూరం పోగానే నాకు భయం పట్టుకుంది. మా వెనకనుంచి వచ్చే వెలుగుకు ప్రతి కెరటమూ తళతళలాడుతోంది. ఆ తళతళలో నల్లటి పుట్టిని ఎక్కడని వెతకాలి? గాలి అప్పటికే తగ్గింది, నీళ్ళ మీద లేచిన మంచు తెల్లగా గోడ కట్టింది. పడవ అడుగు ఒక తుమ్మ మొద్దును రాసుకుంది, ఆ మొద్దు నాకు కనబడలేదు. మా సంగతి అలా ఉంచితే, అంతకంటే పెద్ద ఆలోచన ఇంకోటి వచ్చింది. బాలయ్య ఈ వెలుగుకు ఎదురుగా ఉంటాడు. అతనికి ఇంకేం కనబడుతుంది?

పడవను వెనక్కి తిప్పించి కట్ట దగ్గరికి వచ్చి అరిచాను. "లైట్లన్నీ బంద్ చెయ్యుండ్రి!"

"ఏందే సత్తన్నా, మతి వోయిందా?" అని పైనుంచి ఒకతను. "మనిషి నీళ్ళల్ల ఉంటే చీకటి చేస్తరా ఎవరన్న?"

నాలుగు వైపులనుంచీ అరుపులు లేచాయి. నేను పడవ దిగి అంజమ్మ దగ్గరికి వెళ్ళాను. "చెల్లె, గీ వెలుగుకు ఆయనకు తొవ్వ కనబడదు. మాకు ఆయన కనబడడు. నా మాట ఇను."

ఆమె నన్ను చూసింది. "లైట్లు తీస్తే మేం ఇంటికి వోయినం అనుకుంటడు అన్నా. ఆశ ఇడుస్తడు."

ఇన్నేళ్ళు దీపాల మధ్య బతికాను, దీపం అంటే చూడటానికి అనే అనుకున్నాను. నీళ్ళలో ఉన్నవాడికి అది ఒడ్డున మనిషి ఉన్నారన్న మాట కూడా అని నాకు ఎవరూ చెప్పలేదు. సుధాకర్ సార్ చెప్పలేదు, ఖాదర్ భాయ్ చెప్పలేదు. నా మాట తప్పైతే ఆమె బతుకంతా నన్ను తలచుకుని ఏడుస్తుంది.

చివరికి అన్నాను. "నువ్వు పిలువు చెల్లె. లైటు పోయినా నీ గొంతు ఉంటది కద."

అంజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తను పట్టుకుని ఉన్న ట్రాక్టరు మీది కుర్రాడితో "బంద్ చెయ్ కొడుకా" అంది. తర్వాత పక్క బండి దగ్గరికి పోయింది. ఆమె అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒక్కొక్కటిగా కట్టంతా ఆరిపోయింది.

మొదట ఏమీ లేదు. కప్పల అరుపు మాత్రం ఉంది. తర్వాత మెల్లగా చుక్కలు వచ్చాయి, పైనా కిందా. నీళ్ళు నీళ్ళ రంగులోకి వచ్చాయి. తుమ్మ కొమ్మల తలలు ఒకటొకటే లేచి నిలబడ్డాయి. అంతమంది జనం ఉన్నా ఒక్క క్షణం కట్ట మీద ఎవరూ లేనట్టు అనిపించింది. నేను మళ్ళీ వయసులో ఉన్నట్టు, పక్కన ఖాదర్ భాయ్ కూర్చున్నట్టు అనిపించింది.

అంతలో "బాలయ్యా! ఓ బాలన్నా!" అని అందరూ ఒక్కసారి కేకలు పెట్టారు. కేకలు ఆ గట్టుకు ఈ గట్టుకు తగిలి కలగాపులగం అయ్యాయి.

"మీరంత జర ఊకుండుండ్రి" అంది అంజమ్మ.

జనం ఊరుకున్నారు. ఆమె నీళ్ళ అంచు దాకా దిగింది.

"ఓ సుజాత నాయినా!"

పిలిచి ఆగింది. మళ్ళీ పిలిచింది. చాలాసేపటికి నీళ్ళు పొర్లిపోయే అలుగు వైపునుంచి, మేమెవరమూ లైటు తిప్పని మూలనుంచి, సన్నగా "ఓ" అని వినిపించింది.

సాయిలు ఇంజను మెల్లగా పెట్టాడు. నేను పడవ ముందు బోర్లా పడుకుని, టార్చిని చెయ్యి చాచి నీళ్ళకు ఆనించినట్టు పట్టుకున్నాను. వేస్తూ, తిప్పుతూ, ఆర్పుతూ పోయాం. నీడలు ఎంత దయగా ఉన్నాయో! ప్రతి మొద్దూ తన నీడను ముందుగా చూపించింది. వాటి మధ్యనుంచి వంకరటింకరగా పోయి బాలయ్యను చేరాం. పుట్టి బోర్లా పడి ఉంది. సగం మునిగిన కరెంటు స్తంభం ఒకటి నీళ్ళపైకి ఉంటే దాన్ని కౌగిలించుకుని ఉన్నాడు, అరచేతులు ముళ్ళకు చీరుకుపోయాయి. పడవలోకి లాగాక చాలాసేపు వణికాడు.

"గా వెలుగంత సూసి సాగర్ రోడ్డు అనుకున్న అన్నా. గట్లైతే కట్ట ఇటు ఉంటదని ఇటు మళ్ళిన" అన్నాడు. "మల్ల ఒక్కసారే చీకటైంది. పానం పోయినట్టే అయింది. అందరు బాలయ్యా బాలయ్యా అంటుంటే ఏ దిక్కో సమజ్ గాలే. సుజాత నాయినా అన్నది గద, ఇల్లు గటే ఉన్నదని ఎరుకైంది."

సాయిలు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు, చీకట్లో ఎవరు చూస్తారు!

తిరిగి వచ్చేటప్పుడు అంజమ్మ గొంతు ఆగలేదు. దాని మీదే గురి పెట్టి వచ్చాం. కట్ట దగ్గరపడే చోట ప్లాట్ల రాళ్ళు వరసగా ఉంటాయి, నీళ్ళ పైకి కాస్తే కనబడతాయి. ఇంజను పడవకు వాటి మధ్య దారి ఇరుకు. అక్కడికి వచ్చామో లేదో, మా ఇంజను చప్పుడు విన్న సంతోషంలో ఎవరో మోటారు సైకిల్ హెడ్‌లైటు వేసేశాడు. వేసి, బండి అలాగే వదిలి నీళ్ళ దగ్గరికి పరుగెత్తాడు.

కళ్ళలో కారం కొట్టినట్టయింది. "అన్నా, ఏం కనబడతలే!" అని సాయిలు అరిచాడు. పడవ పక్కకు కొట్టుకుపోతోంది. ఏ క్షణాన రాయి తగులుతుందో అని బాలయ్యను గట్టిగా పట్టుకున్నాను.

ఉన్నట్టుండి కళ్ళకు చల్లగా అయింది. చూస్తే వెలుగు మధ్యలో నల్లటి దారి పడింది. అంజమ్మ గట్టెక్కి పోయి ఆ హెడ్‌లైటుకు వీపు ఆనించి, కొంగు రెండు చేతులా చాపి, మా వైపు తిరిగి నిలబడింది. ఆమె నీడ నీళ్ళ మీద బారుగా పరుచుకుని మా పడవ దాకా వచ్చింది. ఆ నీడలో నాకు చుక్కలు కనబడ్డాయి, రాళ్ళు కనబడ్డాయి. "నీడల్నే పోనియ్ సాయిలూ" అన్నాను. ఆ నీడ వెంబడే రాళ్ళ మధ్యనుంచి ఒడ్డుకు వచ్చాం.

పడవ ఒడ్డుకు తగిలింది. జనం బాలయ్యను చూసి కేకలు పెట్టారు. బండి అతను పరుగెత్తుకొచ్చి, "వచ్చిండు కదా అక్కా, జరుగు, చీర కాలుతది" అన్నాడు.

అంజమ్మ కదల్లేదు. కళ్ళు పడవ మీదే పెట్టి, "ఆయన ఇంక దిగలే" అంది.